మేకులు కొట్టిన కిటికీ

ఏలూరులో ఓ ఎముకల ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం నాది. పేరు సత్తిరాజు. రాజునే గాని, నా రాజ్యమల్లా ఫిల్ములు కడిగే చీకటి గది.

రెండువేల నాలుగు వేసవిలో తంగెళ్ళమూడి నుంచి అజీజున్నీసాగారిని స్ట్రెచరు మీద తెచ్చారు. యాభై ఏళ్ళుగా తివాచీలు నేస్తున్న మనిషి. మగ్గం ముందు పలక మీంచి దిగబోయి జారారు. మూరెడు ఎత్తు. అంతమాత్రానికే తుంటి విరిగింది.

"కదలకండి మామ్మగారూ," అన్నాను.

"మామ్మనా? నీ నెరిసిన నెత్తి చూస్తే నాకు తమ్ముడివి!" అందావిడ, నొప్పికి పళ్ళు బిగించి.

ఫిల్ము కడిగి వెలుతురుకి పెట్టాను. తెల్లగా మెరవాల్సిన ఎముక నీళ్ళమజ్జిగలా ఉంది. రక్తపరీక్షలో డి విటమిన్ అడుగంటింది.

"డి లేక డీలా పడ్డారండీ," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"మీకు ఎండ తగలదాండీ?" అన్నారు డాక్టరుగారు.

కూతురు మెహర్ చెప్పింది. "మగ్గం గది కిటికీ తియ్యమండీ. ఎండ తగిలితే ఉన్ని రంగు వెలిసిపోద్దని అమ్మీ ఎప్పుడో మేకులు కొట్టించేసింది. పొద్దున్న కూర్చుంటే చీకటి పడ్డాకే లేస్తది."

ఊరంతా ఎండకి మాడే ఏలూరులో ఎండ లేక ఎముక ఎండిపోయిందన్నమాట!

ఆపరేషన్ చేసి కడ్డీ వేశారు. పాలలో విటమిన్ పొడి, కాల్షియం మాత్ర, రోజూ అరగంట ఎండ అని రాశారు. వెళ్తూ ఆవిడ ఒకటే అడిగింది: "మళ్ళీ నా కాళ్ళతో ఆ పలకెక్కుతానా బాబూ? మగ్గం మీద సగం తివాచీ ఉండిపోయింది."

"చూద్దాం," అన్నారు డాక్టరుగారు. ఆ 'చూద్దాం' నాకు తెలుసు. ఆ వయసులో తుంటి విరిగి మళ్ళీ మంచం దిగనివాళ్ళని ఎందరినో చూశాను.

నాలుగు నెలల తరవాత మళ్ళీ ఫిల్ము తీశాను. మర్నాడు డాక్టరుగారు చూసి, "పలక ఎక్కమనండి, బాగున్న కాలు ముందు పెట్టి," అన్నారు. ఆ కబురూ ఫిల్మూ నేనే వాళ్ళింటికి పట్టుకెళ్ళాను.

కిటికీ బార్లా తెరిచి ఉంది. మేకులు ఊడిన చిల్లులు కనిపిస్తున్నాయి. సగం తివాచీ మీద దుప్పటి కప్పి, ఆవిడ మాత్రం ఎండలో చేతులు చాపుకుని కూర్చుంది.

ఫిల్ము తీసుకుని కిటికీకి ఎత్తి పట్టుకుంది. నల్లటి చీలిక ఉన్నచోట తెల్లగా కొత్త ఎముక అల్లుకుంది. తివాచీ వెనకవైపు ముడులు తడిమి చూసినట్టు దాని మీద వేలు నడిపింది.

"ఎవరు నేశారయ్యా దీన్ని?" అంది.

ఇరవయ్యేళ్ళుగా ఎముకలు చూస్తున్నవాణ్ణి. ఆ ప్రశ్న నాకెప్పుడూ తోచలేదు.

ఆవిడ చేతికర్ర నాకిచ్చింది. మగ్గం నిలువు గుంజ పట్టుకుని, తుంటి విరిగినవైపు కాలే ముందు పెట్టబోయింది.

"అది కాదమ్మీ, రెండోది!" అని మెహర్ అరిచింది.

"తెలుసులేవే," అంటూ కాలు మార్చి పలక ఎక్కి కూర్చుంది. దుప్పటి తీసింది.