పడవతల్లి వేషం

నర్సుకి అంత కోపం వస్తుందని ఆ కాలనీలో ఎవరికీ తెలీదు. పద్దెనిమిదేళ్లుగా ఇంజెక్షన్ల గదిలో పని. గుక్కపెట్టి ఏడ్చే పిల్లల్ని పాట పాడి ఊరుకోబెడుతుంది. పాట సగంలో ఉండగానే సూది పని అయిపోతుంది.

ఏడాది చివరి సెలవుల్లో కాలనీ నాటక సంఘం ఒక పాటల నాటకం వేస్తుంది. దర్శకుడు స్వయానా ఆమె అక్క మొగుడు. "ఎవరైనా రావచ్చు, గొంతును బట్టే వేషం" అని గోడకి కాగితం అంటించింది కూడా ఆయనే. అది చూసినప్పటి నుంచి ఆమెకి పడవతల్లి వేషం మీద మనసు పడింది. తుఫానులో తెడ్డు వేస్తూ కొడుకుని పిలిచే పాట ఉంది ఆ వేషానికి. నెల రోజులు గిన్నెలు తోముతూ, బస్సులో నిలబడి అదే పాడుకుంది. పెద్ద నర్సు కాళ్లావేళ్లా పడి ఆదివారం డ్యూటీ మార్చుకుంది.

ఆదివారం పాట వినిపించడానికి నాటకం హాలు వరండాలో ముప్ఫైమంది బారులు తీరారు. ఈమెది ఇరవై ఒకటో నంబరు. లోపలికి వెళ్లేసరికి బల్ల వెనక బావ ఆవలిస్తున్నాడు. పక్కనే సంఘం కార్యదర్శి ఫోన్లో తల దూర్చేశాడు.

రెండో చరణం ఎత్తుకోబోతుంటే బావ చెయ్యెత్తాడు.

"చాలమ్మా, చాలు. నీ గొంతు నాకు తెలీనిదా? ఒక పని చేద్దాం. నువ్వు తెర వెనక మైకు దగ్గర నిలబడి పాడు. స్టేజీ మీద హాలు ఓనరుగారు పెదాలు కదుపుతారు."

"అంటే వేషం ఆవిడకి ఇచ్చేశారా?"

"పోయిన నెలే అనుకున్నాం. ఏటా హాలు ఊరికే ఇస్తున్నారు, ఆ మాత్రం మర్యాద చెయ్యద్దూ?"

"మరి బయట అంతమంది ఎందుకు నిలబడ్డారు?"

"గుంపు పాటలకి మనుషులు కావాలి కదండీ," అన్నాడు కార్యదర్శి తలెత్తకుండానే.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా గొంతు పనికొచ్చింది, నా మొహం పనికిరాలేదా? నువ్వసలు మనిషివేనా బావా?" పాతికేళ్లలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

"అరవకు. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంటికెందుకు? ఇక్కడే!" అని తలుపు బార్లా తెరిచింది. "వేషాలన్నీ పోయిన నెలే పంచేసుకున్నారట! మనల్ని పిలిచింది గుంపులో నిలబెట్టడానికట!"

వరండా బిత్తరపోయింది. అందరూ తనతో కలిసి తిరగబడతారనుకుంది. "మీకు రాలేదని మాకూ చెడగొడతారేంటమ్మా?" అన్నాడొకాయన. ఇద్దరు ముగ్గురైతే ఒక నంబరు తగ్గిందని ముందుకి జరిగారు. ఆ జరగడం చూశాక బావ మీదకన్నా వాళ్ల మీదే ఆమెకి ఎక్కువ ఒళ్లు మండింది.

సరిగ్గా అప్పుడే హాలు ఓనరు మెట్లెక్కి వచ్చింది. "ఏమిటీ గోల?"

నర్సు దాచలేదు. "మీరు ఊరికే పెదాలు కదపాలటండీ. పాట నేను వెనక నుంచి పాడాలట."

ఆవిడ మొహం కందగడ్డ అయిపోయింది. విసవిసా లోపలికి నడిచింది. ఆవిడ మాటలు వరండా అంతా విన్నది. "నాలుగు వారాలుగా అద్భుతం, అద్భుతం అంటూనే ఉన్నారే! నన్ను వెర్రిదాన్ని చేశారా? మీ వేషం నాకక్కర్లేదు. ఆ వచ్చినవాళ్ల పాటలు మొదటినుంచీ చివరిదాకా వినండి. లేకపోతే హాలు తాళాలు ఇటివ్వండి."

కార్యదర్శి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మళ్లీ ఒకటో నంబరు నుంచి విన్నారు. నర్సు కోపంతో పాడింది. గొంతు పైస్థాయిలో వణికింది, అది ఆమెకీ తెలిసింది. ఆమె తర్వాత వచ్చిన బస్సు కండక్టరమ్మ పాటలో కొడుకుని పిలిచేసరికి హాల్లో చప్పుడు లేదు. వేషం ఆమెకే దక్కింది. నర్సుకి గుంపులో మూడో వరుస.

"ఇంత రాద్ధాంతం చేసి ఏం బావుకున్నావు?" అన్నాడు బావ.

ఆమె రిహార్సల్సుకి రోజూ వచ్చింది, మూడో వరుసలో నిలబడి పాడింది, బావ వంక చూడకుండా వెళ్లిపోయింది. నాటకం అయిపోయాక అక్క ఫోన్ చేసింది. "ఇంకెన్నాళ్లే ఆ కోపం?"

"ఆయన మా గడప తొక్కి తప్పయిందని చెప్పేదాకా," అని పెట్టేసింది.

ఆయన ఇంకా రాలేదు.