నా పేరున్న రాయి

నా సమాధి ముందు ఎవరో ఆడమనిషి మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తోంది. ఈస్టర్ తర్వాతి ఆదివారం, ఊరంతా శ్మశానంలోనే ఉంది. ఎవరి పెద్దల దగ్గర వాళ్ళు బట్ట పరిచి రొట్టె, రంగు గుడ్లు పెట్టుకుంటున్నారు. పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని, మా ఊళ్ళో చాలామందిలాగే రాయి ముందే వేయించుకున్నాను. పేరుంది, పుట్టిన ఏడుంది. పోయిన ఏడు చెక్కాల్సిన చోటు ఖాళీ.

"నేనింకా బతికే ఉన్నాను తల్లీ. ఆ రొట్టె నా చేతికే ఇవ్వు," అన్నాను.

ఆమె రష్యన్‌లో ఏదో అంది. పక్కనే, రష్యన్లతో యుద్ధంలో పోయిన కొడుకు సమాధి మీద జెండా సర్దుతున్న స్తెఫ్కా గిర్రున తిరిగింది.

"ఈ భాష ఇక్కడిదాకా వచ్చిందా?"

"నాకు వేరే భాష రాదండీ. పేరు జోయా. ఎక్కడో తూర్పున, వేల మైళ్ళ దూరంలో ఉన్న కరగండా నుంచి వచ్చాను. మా అమ్మమ్మ యుస్తీనా ఫెదాక్‌ది ఈ ఊరే. చిన్నప్పుడే రైలెక్కించి అక్కడికి తోలేశారట. మీరంతా కలిసి ఆమెకి రాయి వేశారనుకున్నా."

యుస్తీనా ఫెదాక్‌ని నేను.

నలభై ఏడులో సోవియట్ సైనికులు వచ్చేసరికి నేను జ్వరంతో పక్క ఊళ్ళో అత్త ఇంట్లో ఉన్నాను. నాన్న అడవిలో తిరుగుబాటుదార్లతో ఉన్నాడని అమ్మనీ నన్నూ పట్టుకుపోవాలని వచ్చారు. ఇంట్లో కాజ్యా ఉంది. పోలిష్ పిల్ల, నా ఈడుది. దాని ఊరిని మా ఉక్రేనియన్ తిరుగుబాటుదార్లే తగలబెడితే అమ్మ తెచ్చి దాచింది. తల్లీ కూతురూ, వాళ్ళ లెక్క సరిపోయింది; దాన్నే నా పేరుతో పట్టుకుపోయారు. ఇది నా కూతురు కాదని అమ్మ అనలేదు. అంటే నాకోసం వెతుకుతారు. కాజ్యా కూడా నోరు విప్పలేదు. నేను అత్త ఇంటిపేరుతో పెరిగాను. సోవియట్లు పోయాకే నా పేరు నాకు దక్కింది.

ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అయితే నేను ఉక్రేనియన్‌ని కాదా?" అంది జోయా. "అక్కడ ఆ మాటతోనే తిట్టేవాళ్ళు. పోన్లే, మాకంటూ ఓ ఊరుందిగా అనుకునేదాన్ని. మరి కాజ్యా ఊరో?"

"ఇప్పుడది పొద్దుతిరుగుడు చేను. సమాధులు కూడా దున్నేశారు." ఇక ఆగలేకపోయాను. "మా అమ్మ ఏమైంది?"

"మొదటి చలికాలమే పోయిందట. చివరిదాకా మా అమ్మమ్మ చెయ్యి వదల్లేదట. యుస్తీనా అనే పిలిచేదట."

ఈ వయసులో నాకు కుళ్ళు పుట్టింది. అమ్మ పట్టుకోవలసింది నా చెయ్యి. ఆ వెంటనే సిగ్గేసింది.

జోయా సంచిలోంచి మూట తీసింది. అమ్మమ్మ సమాధి మట్టి. అయినవాళ్ళ దగ్గర కలుపుదామని అంత దూరం మోసుకొచ్చింది. కాసేపు చూసుకుని మళ్ళీ సంచిలో పెట్టబోయింది.

"ఎక్కడికి?" అన్నాను.

"ఇక్కడ నాకెవరున్నారు బామ్మగారూ?"

మూట లాక్కున్నాను. వంగలేకపోయినా వంగి, రాయి మొదట్లో చేత్తోనే గొయ్యి తీసి పోశాను.

"ఎప్పుడు పోయింది?"

"నిరుడు ఫిబ్రవరిలో, మంచు తుఫాను రోజు."

"స్తెఫ్కా, రాళ్ళు చెక్కేవాణ్ణి పిలిపించు. ఆ ఏడు వేయించాలి."

"మరి నువ్వు పోతే?"

"నా బదులు కాజ్యా ఆనాడే రైలెక్కి పోయింది. నన్ను పక్కన పాతండి. రాయి అక్కర్లేదు."