నలుగురు తొడిగిన చొక్కా

బిష్కెక్ నగరం శివార్లలో కుట్టుశాలలకు లెక్కలేదు. చలికాలం వస్తే వాటిల్లో మిగిలిన గుడ్డపీలికలే ఇంటింటి పొయ్యిల్లోనూ కాలతాయి. ఆ పొగకు పిల్లలు దగ్గుతుంటే చూడలేక, కొత్తబట్ట కొన్నకొద్దీ పీలికలు పెరుగుతాయని బురుల్ కొత్త బట్టలు కొనడమే మానేసింది. పాతబట్టల బజారులో గట్టివి ఏరి తెచ్చి, ఉతికి తొడిగేది. పెద్దవాడికి పొట్టి అయితే తమ్ముడికి, వాడికీ ఇరుకైతే చెల్లెళ్లకు.

ఆమె తోడికోడలు సైరకాన్‌కు సొంత కుట్టుశాల ఉంది, దానికి మించిన గీర ఉంది. తన ఇంటి పెళ్లి విందులో అందరూ చూస్తుండగా బురుల్ పిల్లల్ని పరుపుల మీంచి లేపి, చెప్పులు విడిచే చోట కూర్చోబెట్టింది.

"ఏ శవం మీద ఒలిచిన బట్టలో ఏమో. నా పరుపులు మైలపడతాయి" అంది.

పిల్లలు తలవంచుకుని తిన్నారు. బురుల్ మాత్రం ఆ మాటకు రోజూ నీళ్లు పోసి పెంచింది.

సైరకాన్ కోడలికి ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఇప్పుడు మూడోవాడు పుట్టాడు. పిల్లలు నిలిచిన ఇంట్లో తొడిగిన చొక్కా అడిగి తెచ్చి వేస్తేనే వీడు దక్కుతాడని తోడికోడళ్లిద్దరి ముసలి అత్తగారు తేల్చేసింది. కొన్నది పనికిరాదు, ఇచ్చేవాళ్లు మనసారా ఇవ్వాలి. చుట్టాలందరిలో నలుగురు బిడ్డలూ దుక్కల్లా ఉన్న ఇల్లు బురుల్‌దే.

సైరకాన్ వచ్చి గుమ్మంలో నిలబడింది. బురుల్ లోపలికి రమ్మనలేదు.

"ఒక్క చొక్కా ఇవ్వవే."

"మా ఇంట్లో అన్నీ శవాల మీదివే కదక్కా."

"నోరు జారాను. పసివాడి మొహం చూడు."

"నా పసివాళ్ల మొహాలు ఆ రోజు నువ్వు చూశావా?"

సైరకాన్ ఏడ్చింది. బురుల్‌కు జాలి కలగలేదు. ప్రాణం హాయిగా ఉంది.

"ఇస్తాను. కానీ వాడికి నడక వచ్చేదాకా ఒంటిమీద కొత్తబట్ట పడకూడదు. తొడిగేవన్నీ నా ఇంటివే. విందులకైనా, ఫోటోలకైనా. నీ మిషను మీద కుట్టింది ఒక్కటి వేసినా నా మనసు విరిగిపోతుంది. మనసు కదా, నా చెప్పుచేతల్లో ఉండదు."

"వాడి కోసం పెట్టెనిండా నా చేత్తో కుట్టుకున్నానే."

"నీ ఇష్టం."

సైరకాన్ రెండు చేతులూ చాపింది.

బురుల్ చొక్కా తెచ్చి ఆ చేతుల్లో పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరికీ ఏదీ ఇంత మనసారా ఇవ్వలేదు.