వాకిలికి అడ్డంగా ఒక ప్రశ్న

పొద్దున ఎనిమిదికల్లా కుళ్లాయప్ప ఇంట్లో నాలుగు మగ్గాలూ ఆడతాంటాయి. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. పోగు తెగిందన్నా, టీ కావాలన్నా అందరూ చేతులు ఊపాల్సిందే. కుళ్లాయప్ప పెండ్లాం మహేశ్వరికి మాత్రం మగ్గాలు నిలబడినాక కూడా చేతులే. పుట్టుకతోనే చెవులు వినపడవు. ఇంకో సంగతి, ఆమె చేతులతో ఏదన్నా అడిగిందంటే, నిజమైన జవాబు వచ్చేదాకా ఆ ప్రశ్న గాలిలో అట్లే నిలబడి ఉంటాది. "నిన్న సాయంత్రం యాడికి పోయినావు?" అని మొగుణ్ణి అడిగిన ప్రశ్న మూడు దినాలు వంటింట్లో వేలాడింది. అత్త నాగలక్ష్మమ్మ దాని కింద తల వంచుకోని పోయి సంగటి కెలికింది. ఆఖరికి పేకాటకు పోయినానని ఒప్పుకున్నాడు, మహానుభావుడు!

వాళ్ల బిడ్డ భువనకు రెండున్నరేండ్లు. తల్లి మాదిరే ఏమీ వినపడదు. చెవి లోపల మిషన్ పెట్టే ఆపరేషన్‌కు సర్కారు లిస్టులో పేరొచ్చినాక, ఇంట్లో ఎవరి గోల వాళ్లది.

"చేపియ్యాల్సిందే! నా మనవరాలు 'అవ్వా' అంటే విని సావల్ల నేను. రేపు వెనకాల లారీ హారన్ కొడితే వినపడొద్దా?" అనింది నాగలక్ష్మమ్మ.

మహేశ్వరితో చెవిటి పిల్లల బడిలో చదివిన ఓబులమ్మ వీడియో కాల్‌లో చేతులు ఝాడించింది. "మనకేం తక్కువైందని పసిదాని తల కోయించేది? మనం బతకడం లేదా?"

మహేశ్వరికి ఇద్దరి మాటా నిజమే అనిపించింది. నెల దినాలు ఆలోచించి, పెట్టిద్దాం అనింది. బిడ్డకు రెండు దోవలుంటే మంచిదే కదా.

అనంతపురం ఆస్పత్రిలో మాటలు నేర్పే మేడం పద్మజ ఒక కాగితం ముందర పెట్టింది. చివరి వరస ఇది: ఆపరేషన్ అయినాక ఇంట్లో ఎవరూ బిడ్డతో చేతులతో మాట్లాడరాదు.

"చేతులు చూస్తే పిల్ల నోరు తెరవదమ్మా. ఎంతమందిని చూసినానో," అనింది పద్మజ. చెడ్డమనిషేం కాదు. కుళ్లాయప్ప అంతా చదవకుండానే తండ్రి గడిలో సంతకం గీకేసినాడు.

మహేశ్వరి ఆ వరస మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. ఒళ్లు మండిపోయింది. తల్లి చేతులు కట్టేసి బిడ్డకు మాటలు నేర్పుతారంట! భువనను అత్త ఒళ్లో పెట్టి, గది వాకిట్లోకి పోయి చేతులెత్తింది.

"నా బిడ్డతో నేను ఎట్లా మాట్లాడల్ల?"

ప్రశ్న వాకిలికి అడ్డంగా నిలబడింది. కుళ్లాయప్ప దాన్ని మేడంకు నోటితో చెప్పినాడు.

"నోటితోనేమ్మా," అనింది పద్మజ. అది కదల్లేదు.

"నీ బదులు నేను మాట్లాడతాలే," అన్నాడు కుళ్లాయప్ప. ఊహూఁ.

"కొన్నేండ్లే కదా, ఓర్చుకోమ్మా," అనింది పద్మజ మళ్లీ. అది ఇంకా బిగుసుకునింది.

నర్సు ఫైళ్లు కిటికీలో నుంచి అందించింది. బయట లైన్లో ఉన్నోళ్లు వేపచెట్టు నీడకు పోయి కూర్చున్నారు. మధ్యాహ్నం పద్మజ గదిలోనే క్యారియర్ తెరిచింది. మహేశ్వరి కుర్చీ లాక్కోని ప్రశ్న పక్కనే కూర్చునింది.

"ఒప్పుకోకపోతే లిస్టులో పేరు తీసేస్తారంట. పిల్లకు వయసు దాటిపోతే మళ్లీ చెయ్యరంట," అని కుళ్లాయప్ప బతిమాలుతూ సైగలు చేసినాడు. మహేశ్వరికీ భయమే. అయినా లేవలేదు, చేతులు ఒళ్లో నుంచి తియ్యలేదు.

తల్లి చేతులు అంతసేపు కదలకుండా ఉండేది భువన ఎప్పుడూ చూడలేదు. మూతి వంకర తిప్పి ఏడుపు ఎత్తుకునింది. "ఊరుకో తల్లీ, ఊరుకో బంగారూ," అని నాగలక్ష్మమ్మ చెవి కాడ ఎంత చెప్పినా గాలికి చెప్పినట్లే. మగ్గం కాడ తప్ప ఏడేండ్లలో కోడలితో ఒక్క సైగ చెయ్యని మనిషి ఆమె. ఉండి ఉండి, బిడ్డ కండ్ల ముందర చెయ్యి ఆడించింది. ఏడుపు ఆగింది. పిల్ల ఆ చేతినే చూస్తా ఉండిపోయింది.

నాగలక్ష్మమ్మ కండ్లు తుడుచుకోని లేచింది. కోడలికెదురుగా నిలబడి, మొరటుగా చేతులు తిప్పింది.

"చేతులతోనే. మిషన్ ఉన్నా, లేకున్నా. నన్ను అవ్వా అనేది కూడా చేత్తో అంటే చాలు నాకు."

ప్రశ్న పోయింది. వాకిలి ఖాళీ. గదిలో ఉన్నోళ్లు, బయట ఉన్నోళ్లు, అందరూ చూసినారు. పద్మజా చూసింది. పెన్ను తీసి చివరి వరస కొట్టేసింది.

మహేశ్వరి ఆ పెన్ను తీసుకునింది. కాగితంలో తండ్రి సంతకానికి గడి ఉండాది, తల్లికి లేదు. కొట్టేసిన వరస మీదనే, ఈ చివర నుంచి ఆ చివరిదాకా, పెద్ద అక్షరాలతో తన పేరు రాసింది.