తాళ్ల రాయి దగ్గర

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మా అమ్మాయి ఏటి మీద ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నేను కీడెంచడం దగ్గరే ఉండిపోయాను. మేలెంచడానికి తీరిక దొరకలేదు.

వచ్చినవాళ్లను పడవెక్కించి ఏటిని చూపించడం దాని పని. ఆ ఏటిని ఎవరూ పాడు చెయ్యకుండా ప్రభుత్వం కాపాడుతోంది. ఆనకట్ట కట్టకూడదు, ఇసుక తియ్యకూడదు, మోటారు పడవ నడపకూడదు. అన్నీ ఏటిని కాపాడే రూల్సే. నా పిల్లను కాపాడే రూలు ఒక్కటీ కనపడలేదు నాకు. దాని ట్రైనింగు అయిపోయింది. పర్మనెంటు చేస్తారట, సోమవారం వెళ్లి సంతకం పెట్టాలట. ఈలోగా మా తమ్ముడు తన మందుల షాపులో దాన్ని కౌంటరు దగ్గర కూర్చోమన్నాడు. ఫ్యాను కింద ఉద్యోగం. పడితే కుర్చీలోంచే పడాలి.

"ఒక్కసారి నా పడవెక్కి చూడమ్మా. అప్పటికీ వద్దంటే మామయ్య షాపుకే పోతాను," అంది. ఇచ్చిన మాట తప్పే పిల్ల కాదు. అందుకే ఎక్కాను. వద్దనడానికే ఎక్కాను.

సంచిలో ఇద్దరికీ పొడి బట్టలు, జ్వరం మాత్రలు, టార్చిలైటు, విజిల్ పెట్టుకున్నాను. వెనక కూర్చుని పడవ నడిపే ముసలాయన్ను అందరూ సరంగు తాత అంటారు. నా సంచి చూసి, "ఏరు చూడ్డానికొచ్చావా అమ్మాయ్, కాపురం పెట్టడానికొచ్చావా?" అన్నాడు. నాతోపాటు ఎక్కిన రిటైరైన పోస్టుమాస్టరూ ఆయన భార్యా నవ్వారు. నవ్వేవాళ్లను నవ్వనీ అని, మా అమ్మాయి లైఫ్ జాకెట్ పట్టీ ఇంకొంచెం బిగించాను.

"అమ్మా, ఊపిరాడట్లేదు."

"ఊపిరి ఒడ్డెక్కాక పీల్చుకోవచ్చు."

పడవ కదిలింది. ఇంజను చప్పుడు లేకపోయేసరికి తెడ్డు మీద నుంచి జారే చుక్కలు కూడా వినపడ్డాయి. నీళ్లు అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. ఇంత తేటగా ఉంటే లోతు తెలియదు కదా అని నాకు మళ్లీ భయం పట్టుకుంది. లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీద నుంచి రాయి పడ్డట్టు నీళ్లలో పడి చేపతో లేచింది. ఒడ్డున నీటికుక్కలు తల్లీ పిల్లలూ పొర్లుతున్నాయి. ఒక పిల్ల బాగా దూరం ఈదుకుపోతే తల్లి కూత పెట్టింది. "చూశావా, దానికీ భయమే," అన్నాను. "పిలిచింది అంతే. ఈదొద్దనలేదుగా," అంది మా గడుగ్గాయి, తెడ్డు ఆపకుండానే.

వెనక్కి తిరిగి ఏటి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. రోడ్లు లేని రోజుల్లో ధాన్యం, ఉప్పు, కలప అన్నీ ఈ ఏటి మీదే వెళ్లేవట. తర్వాత ఆనకట్ట కడతామని కొలతలు కూడా వేసుకుంటే, ఒడ్డునున్న ఊళ్లవాళ్లు ఏళ్లతరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి ఆపించారట. ఇంట్లో చెంచా ఎక్కడుందో చెప్పలేని పిల్ల, ఏట్లో ఏ రాయి ఎక్కడుందో చూడకుండా చెబుతోంది. పోస్టుమాస్టరుగారు నోరు తెరుచుకుని వింటున్నారు. నా పిల్లేనా అనిపించింది.

అంతలో మలుపు తిరిగాం. పెద్ద చెట్టొకటి వేళ్లతో సహా కూలి, ఏటికి అడ్డంగా పడి ఉంది. కుడి ఒడ్డు పక్కన మాత్రం సన్నటి సందు, అందులోంచి నీళ్లు ఉరుకుతున్నాయి.

"రంపం తెచ్చి కోసెయ్యరా?" అన్నాను.

"కొయ్యకూడదమ్మా. పడ్డ చెట్టు ఏటిదే. దాని కింద చేపలు గుడ్లు పెడతాయి."

మమ్మల్ని ఒడ్డున దింపింది. పడవకు తాడు కట్టి మెల్లగా సందులోంచి కిందికి దించాలట. అది ఒక్కతే లోపల గడకర్ర పట్టుకుని నిలబడుతుందట.

ఒడ్డున నడుమెత్తు బండ ఉంది. దాని చుట్టూ చెయ్యి పట్టేంత లోతున గాళ్లు పడి ఉన్నాయి. "దీన్ని తాళ్ల రాయంటారు," అన్నాడు సరంగు తాత. "మా తాతల నాడు కూడా ఈ మలుపులో ఉరవడికి పడవల్ని ఇలాగే దించేవాళ్లు. ఆ తాళ్లు ఒరుసుకుని పడ్డ గాళ్లే ఇవి." పడవ వెనక కొనకు కట్టిన తాడు తెచ్చి ఆ గాడిలో చుట్టాడు. తను కొక్కెం కర్ర పట్టుకుని చెట్టు దగ్గర నిలబడాలి, తాడు కొమ్మలకు చిక్కుకోకుండా. "తాడు కొస మీరు పట్టుకోండి సార్," అన్నాడు పోస్టుమాస్టరుగారితో.

ఆయన చెయ్యి చాపేలోగా నేను లాక్కున్నాను. నా పిల్ల అందులో ఉంటే తాడు ఇంకొకరి చేతిలో ఎలా పెడతాను?

"సరే. బరువంతా రాయే మోస్తుంది. చెప్పినప్పుడల్లా కాస్త కాస్త వదులు," అన్నాడు తాత.

పడవ సందులోకి దిగింది. నీళ్లు దాన్ని ఒక్క ఊపున లాగాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు చేతులా తాడు బిగించేశాను. పడవ నడి సందులో ఆగిపోయి, ముక్కు చెట్టు వైపు తిరిగి, పక్కనుంచి నీళ్లు లోపలికి పడ్డాయి.

"అమ్మా, వదులు!"

వదలలేదు. వేళ్లు నా మాట వినలేదు.

"అమ్మాయ్! పిల్లను ఇంటికి లాక్కుపోతున్నావా ఏంటి?" అని అరిచాడు తాత. "నువ్వు పట్టుకున్న కొద్దీ మునుగుతుంది!"

మా అమ్మాయి గడను ఏటి అడుగున రాయికి ఆనించి నా వైపే చూస్తోంది. భయపడట్లేదు. నేను వదులుతానని ఎదురుచూస్తోంది. వదిలాను. జానెడు, ఇంకో జానెడు. తాడు అరచెయ్యి ఒరుసుకుంటూ పాత గాడిలోంచి జారింది. పడవ ముక్కు తిన్నగా అయింది. చెట్టును రాసుకుంటూ అవతల నిలకడ నీళ్లలోకి మెత్తగా దిగింది.

మేం నడిచి వెళ్లేసరికి అది డబ్బాతో లోపలి నీళ్లు తోడేస్తోంది. నా చేతులు చూసి చటుక్కున పట్టుకుంది. తన రుమాలు తడిపి చుట్టింది.

మళ్లీ పడవెక్కాక అడిగాను. "ఆ చెట్టు ఎప్పటికి పోతుంది?"

"వరదొచ్చి తీసుకెళ్తే పోతుంది. లేకపోతే ఉంటుంది."

"అయితే మళ్లీ వచ్చినప్పుడు తాడు ఎవరు పట్టుకుంటారు?"

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరు కాదు. కుదురైన మనిషిని చూసుకో. బిగించొద్దని ముందే చెప్పు."

అది తెడ్డు ఆపి వెనక్కి తిరిగింది. వాళ్ల నాన్నలా కళ్లతోనే నవ్వింది.

"ముందు చూడు, ముందు! రాళ్లున్నాయి!" అన్నాను.

ఒడ్డెక్కగానే మా తమ్ముడి ఫోను. "ఏమక్కా, సోమవారం నుంచి వస్తుందా?"

"సోమవారం దానికి సంతకం పనుందిరా. నువ్వు వేరే మనిషిని చూసుకో," అన్నాను. "అది సరే గానీ, తాడు ఒరుసుకుని చర్మం లేచిపోతే ఏ ఆయింట్‌మెంటు రాయాలి? రెండు ట్యూబులు పక్కన పెట్టు. ఒకటి దాని పడవలో ఉండాలి."