లీటరుకు పదహారు

కొత్త పికప్ ఇంటికొచ్చిన నాటి నుంచి సుథిన్‌కు ఒకచోట కాలు నిలవడం లేదు. గుడికి తోలుకెళ్లినప్పుడు బాగానే ఉన్నాడు. భిక్షువుగారు లోపలి కప్పుకు తెల్లటి ముద్దతో చుక్కలు పెట్టి, స్టీరింగుకు నూలుదారం చుట్టి, క్షేమంగా వెళ్లి క్షేమంగా రమ్మని దీవిస్తే మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టాడు. ఆ తర్వాత ట్యాంకు నిండుగా కొట్టించాడు. అది అయిపోవచ్చాక మళ్లీ నిండుగా కొట్టించి, తిరిగిన దూరాన్ని పట్టిన డీజిల్‌తో భాగించి చూసుకున్నాడు. లీటరుకు పన్నెండున్నర కిలోమీటర్లు వచ్చింది. అక్కడ మొదలైంది అసలు బాధ.

షోరూములో థీరా అనే కుర్రాడు పదహారు అన్నాడు. ఏదో నోటిమాటగా కాదు, గుండె మీద చెయ్యేసుకుని మరీ అన్నాడు.

"కొత్త ఇంజిన్ బాబాయ్. డీజిల్ వాసన చూపిస్తే చాలు, నడిచిపోద్ది. పదహారుకి తగ్గితే నన్నడుగు."

సుథిన్ పాత బండి పదకొండు ఇచ్చేది. తలుపులు తుప్పుపట్టినా, వాన పడితే కాళ్ల దగ్గర నీళ్లు చేరినా, ఇరవై ఏళ్లపాటు మొరాయించకుండా నడిచింది. ఇంకో రెండేళ్లు లాగుతుందిలే అని భార్య బువాఖమ్ అంది. పదహారు అన్న మాట చెవిన పడ్డాక సుథిన్‌కు ఇంకేమీ వినపడలేదు.

వాళ్లుండే ఫాన్ ఊరి చుట్టుపక్కల ఎటు చూసినా చేపల చెరువులే. సుథిన్‌కు రెండు చెరువులున్నాయి. తన తిలాపియా చేపలనూ, ఇరుగుపొరుగు రైతులవీ బతికున్నవి బతికున్నట్టే నీళ్ల తొట్లలో వేసుకుని, పక్కన ఆక్సిజన్ సిలిండరు కట్టుకుని, తెల్లారేసరికి ఫయావ్ మార్కెట్టుకు చేరుస్తాడు. ఎండ ముదరకముందే తిరిగొచ్చి, బండిని పనసచెట్టు కింద పెట్టి, అన్నం తిని, మోటారుసైకిల్ మీద చెరువులకు పోతాడు. మళ్లీ ఇల్లు చేరేది పొద్దువాలాకే.

అదే దారిలో చేపలు తోలే ప్రయూన్ కూడా అదే రకం బండి అంతకుముందే కొన్నాడు. తనకు పదహారున్నర వస్తోందని టీకొట్టు దగ్గర అందరికీ వినపడేలా చెప్పాడు. సుథిన్ తన లెక్క చెబితే జాలిగా చూశాడు.

"బండిలో ఏం లేదు తమ్ముడూ. నీ కాల్లో ఉంది. నిద్రపోతున్న అత్తగారి పక్కనుంచి నడిచినట్టు తొక్కాలి. నువ్వు బొద్దింకను తొక్కినట్టు తొక్కుతున్నావ్."

టీకొట్టు అంతా నవ్వింది. సుథిన్ కూడా నవ్వాడు గానీ ఆ టీ సగంలోనే వదిలేసి లేచాడు.

ఆ రోజు నుంచి అత్తగారి పక్కనుంచి నడిచినట్టే తొక్కాడు. వెనక లారీలు హారన్లు కొట్టి, పక్కనుంచి దూసుకుపోతూ తిట్టిపోశాయి. టైర్లలో గాలి మాటిమాటికీ చూపించాడు. వెనకాల పడుండే తాళ్లు, బకెట్లు, పాత జాకీ తీసి షెడ్డులో పడేశాడు. ఏసీ ఆపేశాడు. భార్యను సంతకు తీసుకెళ్తే ఆమె దారి పొడుగునా మెడ తుడుచుకుంటూ కూర్చుంది తప్ప ఒక్క మాట అనలేదు. ఆమె అలా ఊరుకుంటే సుథిన్‌కు ఇంకా చిరాకు.

అప్పటికి పొగల కాలం మొదలైంది. కొండల మీద అడవి అంటుకుంటోంది. కోతలయ్యాక పొలాల్లో మోళ్లు తగలబెడుతున్నారు. పడమటి కొండలు ఉన్నచోట ఏమీ లేనట్టు బూడిదరంగు తెర దిగింది. సుథిన్ తండ్రి ఇన్‌తాకు ఊపిరితిత్తుల జబ్బు ఏనాటి నుంచో ఉంది. ఏటా ఈ రోజుల్లో ముసలాయన సగమైపోతాడు. నెలకోసారి పెద్దాసుపత్రికి తీసుకెళ్లి చూపించుకురావాలి. ఈసారి కొత్త బండిలో తీసుకెళ్లాడు. ఏసీ వేయలేదు, ఉక్కకు అద్దాలు దించాడు. ముసలాయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూ కూర్చున్నాడు.

"ఆ చల్లగాలి మిషను పనిచెయ్యట్లేదా నాయనా?" అని ఒక్కసారి అడిగాడు.

"చేస్తది నాన్నా. ఇదిగో, వచ్చేశాం."

వచ్చేయలేదు. ఇంకా సగం దారి ఉంది. ముసలాయన మళ్లీ అడగలేదు.

ఇంత చేసినా తర్వాతి లెక్కలో పదకొండే వచ్చింది. ఆ తర్వాత పదికి పడింది. సుథిన్‌కు అన్నం సహించలేదు. బంకువాడు కొలత తగ్గిస్తున్నాడని బంకు మార్చాడు. ఎవడో ట్యాంకులోంచి తోడేస్తున్నాడని డీజిల్ మూతకు తాళం బిగించాడు. తాళం చెక్కుచెదరలేదు, లెక్క మాత్రం పైకి రాలేదు. కొత్త బండి పాతదానికన్నా ఎక్కువ తాగుతోందన్న మాట అతడి బుర్రలో ఈగలా తిరుగుతోంది. తోలితే వస్తుంది, వలల దగ్గర నిలబడితే వస్తుంది, ప్రయూన్ బండి ఎదురుపడితే ఇంకా గట్టిగా వస్తుంది.

చివరికి బరువు మీద పడ్డాడు. తొట్లలో నీళ్లకు మించిన బరువు లేదు కదా. ఒకరోజు రెండు తొట్లలో నీళ్లు బాగా తగ్గించి, చేపలు మామూలుగానే వేసుకుని బయల్దేరాడు. దారి బాగుచేస్తున్నారని మధ్యలో చాలాసేపు ఆపేశారు. దిగి మూత తీసేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. సిలిండరు మర తిప్పాడు, చేత్తో నీళ్లు చిలికాడు. మార్కెట్టుకు చేరేసరికి సగానికి సగం పొట్టలు పైకి పెట్టాయి.

అక్కడ హోల్‌సేల్ చేసే తోంగ్‌యిప్ నడుమున చేతులు పెట్టుకుని తొట్లోకి చూసింది. ఇరవై ఏళ్లుగా ఆమెకు ఒక్క చచ్చిన చేప తేలేదన్న పేరు సుథిన్‌ది.

"ఏంటి తమ్ముడూ, ఎండుచేపల వ్యాపారంలోకి దిగుతున్నావా? అదేదో ముందే చెబితే తాటాకు బుట్టలు తెచ్చేదాన్ని గదా."

చచ్చినవాటిని ఐసు మీద పోసి వచ్చినకాడికి అమ్మింది. అతడు ఆమె మొహంలోకి చూడలేక తొట్లు కడుగుతూ నిలబడ్డాడు.

అక్కడి నుంచి ఇంటికి రాలేదు. నేరుగా షోరూముకు పోయాడు. థీరా అతణ్ణి చూడగానే ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించి వెనక గదిలోకి జారుకున్నాడు. సుథిన్ గొంతు పెంచితే మెకానిక్ ఒకతను వచ్చి, స్టీరింగు కింద వైరు తగిలించి, చేతిలో పలకలాంటి కంప్యూటరు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఇంజిన్ బంగారంలా ఉందన్నాడు. తర్వాత కాస్త తటపటాయించి అడిగాడు.

"బండిలో పడుకునే అలవాటేమైనా ఉందా బాబాయ్?"

అదేం ప్రశ్న అన్నాడు సుథిన్. ఇంజిన్ ఆడిన గంటల్లో మూడోవంతు బండి కదలకుండా నిలబడే ఉందట, ఏసీ మీద. అలా నిలబెట్టి తాగిస్తే ఏ బండైనా లెక్క ఇవ్వదని మెకానిక్ చెప్పాడు. సుథిన్ అది అబద్ధమనీ, తన బండిలో ఏసీ అన్నదే వేయననీ, కుర్రాణ్ణి కాపాడటానికి కంప్యూటరుతో నాటకమాడుతున్నారనీ కేకలేసి వచ్చేశాడు. కానీ దారిలో ఆ మాట వదల్లేదు. మధ్యాహ్నమంతా బండి ఇంటి దగ్గరే ఉంటుంది. రెండో తాళంచెవి ఇంట్లోనే ఉంటుంది. బువాఖమ్ అక్క కొడుకు ఈమధ్య తరచూ వస్తున్నాడు. వాడేనా?

మర్నాడు మామూలుగానే అన్నం తిని మోటారుసైకిల్ ఎక్కాడు. సగం దారి పోయి వెనక్కి తిరిగాడు. సూర్యుడు పొగలో ఎర్రగా, కంటితో సూటిగా చూడగలిగేటట్టు ఉన్నాడు. వీధి మలుపులోకి వచ్చేసరికి ఇంజిన్ చప్పుడు వినిపించింది. తన బండిదే. పొద్దుటి నుంచి దిగమింగుకున్న కోపమంతా ఒక్కసారి నెత్తికెక్కింది. మోటారుసైకిల్‌ను కంచెకు ఆనించి, వంగి వంగి నడిచి పనసచెట్టు దగ్గరికి చేరాడు.

అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. ముందు సీటు వెనక్కి వాల్చుకుని తండ్రి పడుకుని ఉన్నాడు. స్టీరింగు ముందు బువాఖమ్ ఒళ్లో చేట పెట్టుకుని వెల్లుల్లి వలుస్తోంది. సుథిన్ తలుపు పిడి మీద చెయ్యేశాడు. ఆమె ఉలిక్కిపడలేదు. అద్దం వేలెడు మాత్రం దించింది.

"తలుపు తియ్యకు. పొగొస్తది," అంది.

మళ్లీ అద్దం ఎక్కించింది. సుథిన్ బయట అలాగే నిలబడ్డాడు. గొంతులో మండుతోంది, కళ్లు నీరు కారుతున్నాయి. అద్దం అవతల తండ్రి ఛాతీ నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. ఇంట్లో ఆయన ఊపిరి తీస్తే పక్కటెముకలు ఒక్కొక్కటి కనిపించేవి. ఇక్కడ కనిపించడం లేదు. కాసేపటికి బువాఖమ్ వెనక సీటు వైపు తల ఊపింది. అతడు చప్పున తలుపు తీసి దూరి మూసేసుకున్నాడు. లోపల చల్లగా, వెల్లుల్లి వాసనగా ఉంది.

ఆమె గొంతు తగ్గించి చెప్పుకుంటూ పోయింది. వడపోసిన గాలి ఉండే గదిలో ఉంచమని డాక్టరు చెప్పింది. చెక్క ఇంట్లో పలకకూ పలకకూ మధ్య వేలు దూరేంత సందుంటే ఏ గదిలో ఉంచాలి? ఒకరోజు ఆయనకు ఊపిరి ఆడక గోళ్లు నీలంగా మారితే, ఏం తోచక బండిలోకి తెచ్చి ఏసీ వేసింది. అరగంటలో కుదుటపడ్డాడు. అప్పటి నుంచి రోజూ ఇంతే.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు గదా."

"చెబ్దామనే అనుకున్నా. నువ్వేమో ఇంటికి రాగానే నా మొహం చూడకముందు డీజిల్ ముల్లు చూస్తావ్. నీకు లీటర్లు తప్ప ఇంకేం వినపడ్డాయ్ గనక?"

ముసలాయన నిద్రపోలేదు. కళ్లు తెరవకుండానే కల్పించుకున్నాడు.

"వాణ్ణేం అనకమ్మాయ్. చెప్పొద్దన్నది నేనే." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "రేపట్నుంచి మానేస్తాంలే నాయనా. ఇవాళ కాస్త ఎక్కువసేపు ఉన్నాం, అంతే."

ఆసుపత్రి దారిలో తండ్రి ముక్కుకు అడ్డం పెట్టుకున్న తువ్వాలు సుథిన్ కళ్ల ముందు మెదిలింది. వెనక సీట్లో ఉండలేకపోయాడు, బయటికి పోవడానికీ కాళ్లు రాలేదు. చివరికి ముందుకు వంగి ఆమె ఒళ్లోని చేటలోంచి గుప్పెడు వెల్లుల్లి తీసుకుని వలవడం మొదలుపెట్టాడు. గోరు కింద మంట పుట్టినా ఆపలేదు.

మర్నాడు మార్కెట్టు నుంచి వస్తూ ట్యాంకు నింపించాడు. మూత తాళం ఊడదీసి పారేశాడు. పొగగొట్టం ఇంటి వైపు కాకుండా ఖాళీస్థలం వైపు ఉండేలా బండి పెట్టి, ఏసీ తనే వేసి, తండ్రిని ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాడు. చెరువుకు పోయాడు గానీ మనసు అక్కడ లేదు. మేత చల్లుతూ మధ్యలో ఆపి ఫోన్ చేసేవాడు. బువాఖమ్ మొదట జవాబులు చెప్పింది, తర్వాత విసుక్కుంది.

ఎంతకాలమని మనిషిని బండిలో ఉంచుతారు? ఇంటి కింద సిమెంటు గోడలున్న సామాన్ల గదిని ఖాళీ చేశాడు. కిటికీ సందులకు ప్లాస్టిక్ కాగితం అంటించి, ఫ్యానుకు గాలి వడపోసే అట్ట బిగించే పని పెట్టుకున్నాడు. ప్రయూన్ అడక్కుండానే నిచ్చెన పట్టుకొచ్చాడు. పని చేస్తూ చేస్తూ సుథిన్ మళ్లీ ఆ పదహారున్నర సంగతి ఎత్తాడు. ఉండబట్టలేకపోయాడు. ప్రయూన్ టేపు ముక్క చింపి అందించాడు.

"లెక్క వచ్చేటప్పుడు చూస్తా తమ్ముడూ. తొట్లు ఖాళీ, దిగుడు దారి. పోయేటప్పుడు ముల్లు వైపే చూడను. మీ వదిన పక్కనుండగా అంతకంటే తక్కువ ఎట్టా చెప్తా? బండి మారుద్దామని తగువులాడింది నేనే."

సుథిన్‌కు కోపం రావాలి గానీ రాలేదు. నిచ్చెన మీద నిలబడి చాలాసేపు నవ్వాడు.

గది బాగానే కుదిరింది. ముసలాయనకు మాత్రం అందులో మనసు కుదరలేదు. కిటికీలోంచి ఏమీ కనిపించదు, రోజంతా ఫ్యాను హోరు. రాత్రిళ్లు అందులో పడుకునేవాడు. మధ్యాహ్నం కాగానే బండి కావాలనేవాడు. బండిలోంచి వీధి కనిపిస్తుంది, పోయేవాళ్లు చెయ్యూపుతారు. సరేనన్నాడు సుథిన్. చెరువు పనికి మధ్యాహ్నాలు ప్రయూన్ తమ్ముణ్ణి పెట్టి, బువాఖమ్‌కు విశ్రాంతినిచ్చి తనే తండ్రి పక్కన కూర్చోసాగాడు. ఊరికే కూర్చోవడం అతడికి చేతకాదు. రేడియో మారుస్తాడు, అద్దం తుడుస్తాడు, తండ్రి ఊపిరి వైపు చెవి పెడతాడు. నువ్విట్టా మెదులుతుంటే నాకు నిద్దరెట్టా పడుతుందని ముసలాయన కసురుకునేవాడు.

కొత్త సంవత్సరం నీళ్ల పండుగ అయిపోయిన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం అలా ఇద్దరూ కూర్చుని ఉండగా గాలి లేచింది. పనసాకులు వెనక్కి తిరగబడ్డాయి. ముందద్దం మీద ఒక చినుకు పడి బూడిదలోంచి చారగా జారింది. తర్వాత వాన విరుచుకుపడింది. ఎంతసేపు కురిసిందో గానీ, తగ్గేసరికి పడమటి కొండలు నల్లగా, కడిగినట్టు కనిపించాయి. ముసలాయన తనే తలుపు తీసి కాళ్లు బయటికి చాపాడు. తడిమట్టి వాసన లోపలికి వచ్చింది.

సుథిన్ ఇంజిన్ ఆపాడు. చెట్టు నుంచి చుక్కలు రాలుతున్నాయి. ఆ నిశ్శబ్దంలో తండ్రి ఊపిరి వినిపించింది. ఇన్నాళ్లూ ఏసీ హోరులో వినపడలేదు కాబోలు, లోపలెక్కడో సన్నగా ఈల వేస్తూనే ఉంది. వాన పడితే ఈ జబ్బు తగ్గిపోతుందనుకున్నాడు.

"రేపు పెద్దాసుపత్రికి పోదాం నాన్నా."

"పోదాంలే. ముందు చెరువు సంగతి చూడు. ఇన్నాళ్ల ఎండ మీద మొదటి వాన పడితే అడుగునీళ్లు పైకొస్తాయ్. చేపలకి ఊపిరాడదు. ఆ ప్రయూన్ తమ్ముడికేం తెలుసు? పో, నీళ్ల చక్రాలు తిప్పు."

సుథిన్ తండ్రిని చూశాడు, దారి వైపు చూశాడు. బువాఖమ్ చీపురు పట్టుకుని మెట్లు దిగి వచ్చి, నేనుంటాను పొమ్మంది. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

చెరువు దగ్గర చేపలు అప్పుడే పైకి రావడం మొదలుపెట్టాయి. నీళ్లు చిమ్మే చక్రాల ఇంజిన్ రెండుసార్లు లాగితే గానీ అందుకోలేదు. చక్రాలు తిరిగి, నీళ్లు తెల్లగా లేచి పడుతుంటే గట్టు మీద కూర్చోబోయి, మళ్లీ లేచి, తడిచేతిని చొక్కాకు తుడుచుకుని ఇంటికి ఫోన్ చేశాడు. జిగట అన్నం, పచ్చిమిరప పచ్చడి అడిగి మరీ తింటున్నాడని బువాఖమ్ చెప్పింది. ఇంకా ఈల వినపడుతోందా అని అడిగాడు. ఆమె ఫోన్ ముసలాయన దగ్గరికి తీసుకెళ్లినట్టుంది. సుథిన్ రెండో చెవి గట్టిగా మూసుకుని, చక్రాల చప్పుడుకు దూరంగా గట్టు చివరిదాకా నడుచుకుంటూ వెళ్లి విన్నాడు.