నడుమ దాచిన పేజీలు

తెగిన పోగుకు ముడివేసి హనుమండ్లు ఇంకా వేళ్లు వెనక్కి తీసుకోలేదు, అరికాళ్ల కింద వణుకు ఆగిపోయింది. కరెంటు పోయిన సంగతి అతనికి కాళ్లే చెబుతాయి. చెవులు ఆ పని మానేసి చాలా కాలమైంది. మీసం మొలిచీ మొలవక ముందు భివండీ వెళ్లాడు. అక్కకు చూపు మందగించిందని తెలిసి సిరిసిల్లకు తిరిగొచ్చాడు. అక్కడా ఇక్కడా నిలబడింది మాత్రం సాంచాల మధ్యనే. మరమగ్గాన్ని ఆ ఊళ్లో సాంచా అంటారు. అది బట్ట నేస్తుంది, పక్కన నిలబడ్డవాడి చెవులు తింటుంది.

అతను ముఖాన అంటుకున్న నూగును తువ్వాలతో తుడుచుకున్నాడు. పక్క సాంచా నడిపే కైలాసం ఎదురుగా వచ్చి నిలబడి పెదవులు కదిపాడు. సాంచాల దగ్గర బతికేవాళ్లకు పెదవులు చూస్తే చాలు, మాట అర్థమైపోతుంది.

"సదువుతవా ఇయ్యాల?"

"సదువుత. అక్క ఎదురుచూస్తది."

కైలాసం బీడీని చెవి మీద పెట్టుకుని వెంట నడిచాడు.

చదివేది ఒక బొమ్మల కథ. పేరు ఉక్కురెక్క. మామూలు రోజుల్లో తాలూకా కచేరీలో గుమాస్తా, ఎవరికి ఆపదొచ్చినా వీపున ఉక్కు రెక్కలు విప్పుకుని ఎగిరిపోయే వీరుడు. ఒక పిల్లల మాసపత్రికలో ఏళ్ల తరబడి వచ్చింది. షెడ్డు ఆసామి పిల్లలు చదివి పారేసిన సంచికల్లోంచి హనుమండ్లు ఆ పేజీలు చింపుకుని ప్రసాదంలా ఇంటికి తెచ్చుకునేవాడు. కథ ముగిశాక అన్నిటినీ బైండింగు నాగయ్య చేత కుట్టించాడు. అట్టకు వేసిన నీలిగుడ్డ తన సాంచా మీద నేసిందే.

ఆ ఇంట్లో ఇద్దరికీ కలిపి ఒక జత కళ్లు, ఒక జత చెవులు అని గల్లీవాళ్లు ఏడిపిస్తారు. అక్క భూమవ్వకు కళ్ల మీద పొర కమ్మింది. తమ్ముడికి తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియదు. ఆమెకు చదివితే గల్లీ మొత్తానికి చదివినట్టే. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అందరికీ తెలుసు గానీ, తమ గల్లీలో చెవిటివాడే శంఖం ఊదుతాడని పక్కింటి శంకరవ్వ నవ్వుతుంది. నవ్వుతూనే పీట తెచ్చి వాళ్ల అరుగు పక్కన వేసుకుంటుంది.

భర్త పోయి పుట్టింటికి చేరిన భూమవ్వ రాట్నం మీద నూలు కండెలు చుట్టి తమ్ముణ్ని సాకింది. నాలుగో తరగతి దాకా బడికి పంపింది. అతనికి పెళ్లి కుదరలేదు. కుదరలేదని బాధపడే తీరికా దొరకలేదు.

ఈ ఎండాకాలం మొదట్లో ఆమెను కరీంనగర్ తీసుకెళ్లి ఛాతీ డాక్టరుకు చూపించాడు. డాక్టరు ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఇతన్ని లోపలికి పిలిచాడు. ఊపిరితిత్తులు రెండూ చెడిపోయాయి, ఇక ఇంటి దగ్గరే మంచిగా చూసుకో అన్నాడు. హనుమండ్లు బయటికొచ్చి, "ఉత్త దగ్గేనట అక్కా. వానలు పడితే తగ్గుతదట" అన్నాడు. ఆమె "మంచిదే" అంది. తిరుగు బస్సులో ఇద్దరూ పల్లీలు తిన్నారు. ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

అబద్ధం అతనికి కొత్త కాదు. కథ చివరి సంచికలో ఉక్కురెక్క చచ్చిపోతాడు. తెగబోతున్న చెరువుకట్టకు వీపు ఆనించి, ఊరు ఖాళీ అయ్యేదాకా నిలబడి, నీళ్లలో కలిసిపోతాడు. అరుగు మీద కూర్చుని మనసులో చదువుకుని హనుమండ్లు ఏడ్చాడు. ఇది అక్క చెవిన పడకూడదనుకున్నాడు. చించి పారేయడానికి చేతులు రాలేదు. నాగయ్య వద్దంటున్నా వినకుండా ఆ పేజీలను పుస్తకం నడుమ పెట్టి కుట్టించాడు. ఎప్పుడు చదివినా నడుమకు రాగానే ఆ పేజీలన్నీ ఒక్కసారే తిప్పేసేవాడు. అక్క వినే కథలో ఉక్కురెక్క చివరికి కొండల మీదుగా ఎగిరిపోతూ ఉంటాడు.

ఇంటికి వచ్చేసరికి భూమవ్వ గోడకు ఆనుకుని రాట్నం ముందు కూర్చుంది. పోగు ఒరిసి ఒరిసి ఆమె చూపుడువేలికి గాడి పడింది. ఆ గాడే ఆమెకు కన్ను. దగ్గు వచ్చినప్పుడు రాట్నం ఆపుతుంది, తగ్గగానే మళ్లీ తిప్పుతుంది. ఈ మధ్య ఆపడమే ఎక్కువైంది.

అతను పుస్తకం తీసి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె రాట్నం ఆపి అతని మోకాలి మీద చెయ్యి వేసింది. చదివేటప్పుడు అతని కళ్లు పుస్తకం మీద ఉంటాయి కనుక, ఏదైనా చెప్పాలంటే ఆమె మోకాలి మీద తడుతుంది. అతను తలెత్తి పెదవులు చూస్తాడు.

మొదటి మాట పలకగానే తట్టింది.

"గది కాదు. నడిమిది సదువు."

"నడుమ ఏమున్నదక్కా?"

"నువ్వు ఒక్కపారే తిప్పే కాగితాలు. తిప్పినప్పుడల్ల చప్పుడు ఇనవడ్తది. నాకు కండ్లు లేవు గని చెవులున్నయి రా."

అతను పుస్తకం మూశాడు. "గది బాగుండదక్కా."

"ఆయన సచ్చిపోతడు. కట్ట కింద. నాకెరికే."

"ఎవలు చెప్పిన్రు?"

"నువ్వే. అరుగు మీద కూసోని మనసుల సదువుకుంటివి గద. నీ మనసుల సదువు బస్టాండు దాక ఇనవడ్తది."

బయట శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ సంగతి గల్లీలో అందరికీ తెలుసు. ఒక్కరూ అతనితో అనలేదు.

"మరి ఇన్ని దినాలు అడగకపోతివి?"

"నువ్వు ఆయన్ని సంబురంగ ఎగిరిపిస్తుంటివి. నేనెందుకు అడ్డం పడాలె?" దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగింది. "డాక్టరు చెప్పింది గూడ ఇన్న. నీకు చెప్పాల్నంటే గా సారు ఎంత మొత్తుకున్నడో! బెంచీ మీద మాటలన్ని ఆగినయి. ఎవలో ఒకామె నా చెయ్యి పట్టుకున్నది."

హనుమండ్లుకు బస్సులో తిన్న పల్లీలు గుర్తొచ్చాయి. అన్నీ తెలిసి, ఒక్కొక్కటే ఒలిచి తన చేతిలో పెట్టింది. అతను పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో అతనికి తెలియలేదు. అరుగు మీదివాళ్లు తలలు వంచుకున్నారు.

"ఫికర్ చెయ్యకు. నాలుగు తరగతులు సదివిపిచ్చిన గద, గీ ఒక్కటి దాపరికం లేకుండ సదువు. ఎట్ల పోయిండో నేను సక్కగ ఇనాలె."

కళ్లు తుడుచుకుని అతను నడిమి పేజీలు విప్పాడు. చదవడం మొదలుపెట్టాడు. వాన చదివాడు, కట్ట బీటలు చదివాడు. రెక్కలు రాయికి తగిలి ఖణేల్‌మన్న పెద్ద అక్షరాలను అంత పెద్దగానూ చదివాడు. చప్పుళ్లు అతనికి ఇంకా దొరికేది ఆ పుస్తకంలోనే. సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. గల్లీలో అతని గొంతు, నడుమ నడుమ ఆమె దగ్గు, అంతే.

తర్వాత దగ్గు వినిపించలేదు.

అరుగు మీది కైలాసం లేచి నిలబడ్డాడు. శంకరవ్వ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు. సదవనియ్యి."

లోపల హనుమండ్లు ఆపలేదు. అక్క చెయ్యి మోకాలి మీదే ఉంది, తట్టలేదు. అంటే వింటున్నదని అర్థం. ఊరివాళ్లు చివరి బండితో మెరక చేరారు. కట్ట తెగింది. తెల్లారి ఇసుకలో రెండు ఉక్కు రెక్కలు కనిపించాయి. అతను ఆఖరి బొమ్మ కింది మాట కూడా చదివి, "అయిపోయిందక్కా" అన్నాడు.

తడుతుందేమోనని చూశాడు. తర్వాత తలెత్తి ఆమె పెదవుల వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

అరికాళ్ల కింద నేల మళ్లీ వణికింది. కరెంటు వచ్చి చుట్టుపక్కల షెడ్లలో సాంచాలు కదిలాయి. అరుగు మీద నుంచి ఒక్కరూ సాంచా దగ్గరికి వెళ్లలేదు.

రాట్నం మీద సగం చుట్టిన కండెను శంకరవ్వ తీసి అతని చేతిలో పెట్టింది. ఎక్కడ పెట్టాలో తోచక అతను దాన్ని పుస్తకం నడుమ పెట్టాడు. ఆ నీలిగుడ్డ అట్ట ఇప్పటికీ సరిగ్గా మూసుకోదు, కండె ఉన్నచోట ఉబ్బి ఉంటుంది.